చిన్న విమానానికి నిఘా కెమెరా బిగించాలంటే: సెస్నా టి206హెచ్ ఉదాహరణతో మొత్తం పని

గోదావరి పోటెత్తిన రోజు ఏటిగట్టు మీద కాపలా కాసే మనిషి అడిగేది ఒక్కటే: గట్టు ఎక్కడ చెమ్మగిల్లుతోంది, బుంగ ఎక్కడ పడేలా ఉంది? గండి పడ్డాక ఫొటో ఎవరైనా తీస్తారు. పడకముందే చూపించగలిగితేనే ఆ విమానం ఎగిరిన ప్రతి గంటకూ అర్థం ఉంటుంది. అయినా ఇలాంటి పనులు చాలాచోట్ల కెమెరా బ్రోచర్‌తో మొదలవుతాయి. కెమెరా కొన్నాక అది పట్టే విమానం వెతుకుతారు, ఆ తర్వాత కరెంటు చాలడం లేదంటారు, చివరికి ఆపరేటర్‌ని కూర్చోబెట్టే చోటు ఉండదు. పని అటునుంచి కాదు, ఇటునుంచి నడవాలి. ఏం చూడాలి, ఎంత దూరం నుంచి, ఎంతసేపు? ఈ మూడింటికీ కాగితం మీద అంకెల్లో జవాబు రాశాకే కెమెరా మాట ఎత్తండి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది వరదల్లో గట్లు, లంక గ్రామాలు చూడడం, వేసవిలో నల్లమల లాంటి అడవుల్లో కార్చిచ్చు వెతకడం. రెండు పనులకూ ఒకే సామాను సరిపోతుంది. మ్యాపింగు వేరే పని. దానికి పొట్ట కింద రంధ్రంలోంచి నిటారుగా కిందికి చూసే కెమెరా కావాలి. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సి (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) తన సూపర్ కింగ్ ఎయిర్ బి-200 విమానాలతో చేసేది అలాంటి సర్వే. నిఘాకు కావలసింది ఎటు కావాలంటే అటు తిరుగుతూ, విమానం ఊగినా గురి తప్పని టరెట్, అంటే కెమెరాలను లోపల పెట్టి విమానం బయట బిగించే తిరిగే గోళం.

అంకెల్లో రాయండి

ఉదాహరణకి, పడవలో ఉన్న మనిషిని 'అది మనిషే' అని గుర్తుపట్టాలి. 1958లో జాన్ జాన్సన్ అనే పరిశోధకుడు ఇచ్చిన ప్రమాణాన్ని ఇప్పటికీ అందరూ వాడతారు. వస్తువు ఉందని తెలియడానికి దాని కొలత మీద సుమారు 2 పిక్సెళ్లు, అదేమిటో గుర్తుపట్టడానికి 8, వివరంగా పోల్చుకోవడానికి 13 పిక్సెళ్లు పడాలి. మనిషి కొలత 0.75 మీటరు అనుకుంటే గుర్తుపట్టడానికి ఒక్కో పిక్సెల్ నేల మీద 9.4 సెంటీమీటర్లు ఉండాలి. వరద రోజుల్లో మేఘాలు కిందికి దిగుతాయి కాబట్టి ఎత్తు 450 మీటర్లకు మించదని లెక్కేసుకోండి. ఏటవాలు దూరం 1,500 మీటర్లు. ఆ దూరంలో 9.4 సెంటీమీటర్లంటే పిక్సెల్‌కు 62.5 మైక్రోరేడియన్ల కోణం. సెన్సార్ పిక్సెల్ 15 మైక్రాన్లదైతే లెన్సు ఫోకల్ లెంగ్తు 240 మిల్లీమీటర్లు కావాలి.

అక్కడితో ఆగకండి. 640 పిక్సెళ్ల వెడల్పున్న థర్మల్ (వేడిని చూసే) సెన్సార్‌కి ఆ లెన్సు తగిలిస్తే తెరమీద కనిపించేది 60 మీటర్ల వెడల్పు నేల. బొప్పాయి గొట్టంలోంచి లోకాన్ని చూసినట్టే. దాంతో గట్టు పొడవునా వెతకడం కుదరదు. అందుకే వెతకడానికి 20 నుంచి 30 డిగ్రీల వెడల్పు చూపు, నిర్ధారించుకోవడానికి 2 డిగ్రీల ఇరుకు చూపు, రెండూ ఒకే టరెట్‌లో ఉండాలి. రెండింటి మధ్యా మారేటప్పుడు గురి కదలకూడదు. డెమోలో మొదట పరీక్షించాల్సింది ఇదే.

థర్మల్‌లో రెండు రకాలున్నాయి. 3–5 మైక్రాన్ల చల్లబరిచే సెన్సార్ దూరం చూస్తుంది, కోస్తా తేమ గాలిలో దూరపు చూపుకు నయం. ధర ఎక్కువ, లోపలి కూలర్ చల్లబడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, నడిచిన గంటలు లెక్కపెట్టుకుని ఆ కూలర్‌ని మార్చాలి. 8–14 మైక్రాన్ల చల్లబరచని సెన్సార్ తేలిక, చవక, దట్టమైన పొగలో చూపు మెరుగు. అడవి మంటలకే పరిమితమైతే రెండోది చాలు. గట్లు, నీళ్లు, దూరాలు కావాలంటే మొదటిది తీసుకోండి.

ఒక్క విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. థర్మల్ కెమెరా మేఘంలోంచి చూడదు. గట్టి వాన పడుతుంటే ఏ కెమెరా చూడదు. ఆ పని రాడార్ ఉపగ్రహాలది. అలాగే సూర్యోదయం తర్వాత కాసేపు, అస్తమయం చుట్టూ కాసేపు నీళ్లూ మట్టీ ఒకే ఉష్ణోగ్రతకొస్తాయి, తెర అంతా బూడిద రంగే. నీరూరుతున్న చోటు చుట్టుపక్కల పొడి మట్టి కంటే వేరుగా కనిపించేది తెల్లవారుజామున, లేదా ఎండ బాగా ఎక్కాక. సార్టీ (ఒక విడత ఎగరడం) టైము దీన్ని బట్టి పెట్టాలి తప్ప పైలట్ డ్యూటీ పట్టికను బట్టి కాదు.

విమానం, బరువు

టి206హెచ్‌ని ఎంచుకోవడానికి కారణాలు: రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి అడ్డం లేదు. 28 వోల్టుల వ్యవస్థ. 310 గుర్రాల టర్బో ఇంజిను. వెనక కుడివైపు పెద్ద కార్గో తలుపులు. ఇబ్బంది ఏమిటంటే అది ఆవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ తాగుతుంది, మన దగ్గర అది అన్ని ఎయిర్‌పోర్టుల్లో దొరకదు. పని ఏ ఎయిర్‌పోర్టు నుంచి నడుస్తుందో అక్కడ ఆవ్‌గ్యాస్ ఉందా, బారెళ్లలో తెప్పించుకోవాలా అన్నది మొదటి వారంలోనే తేల్చుకోండి. అది కుదరకపోతే జెట్ ఏ-1 తో నడిచే రెండు ఇంజిన్ల డైమండ్ డిఏ42 వైపు చూడండి. చీకట్లో, వరద నీళ్ల మీద ఎగరాలంటే మా సలహా ఎలాగూ రెండు ఇంజిన్లే. 450 మీటర్ల ఎత్తులో ఇంజిను ఆగితే గాలి లేనప్పుడు టి206 జారేది నాలుగు కిలోమీటర్ల లోపే. అంతలో పొడి నేల ఉండదు.

బరువు లెక్క కాగితం మీద ఇలా ఉంటుంది. గరిష్ఠ టేకాఫ్ బరువు 1,633 కిలోలు. మీ విమానం తూకం వేస్తే ఖాళీ బరువు 1,080 వచ్చిందనుకుందాం. వెనక మూడు సీట్లు తీసేస్తే 30 తగ్గి 1,050. సామాను ఇది:

- టరెట్ 18 కిలోలు
- దాని బ్రాకెట్, ఫెయిరింగు (గాలి సాఫీగా జారడానికి వేసే తొడుగు) 12
- కన్సోలు, మానిటరు, చేతి కంట్రోలు 20
- కంప్యూటరు, రికార్డరు, నావిగేషన్ పెట్టె 11
- వైర్లు, బ్రేకర్లు 7
- డౌన్‌లింకు (వీడియోను కిందికి పంపే రేడియో), యాంటెన్నాలు 7

మొత్తం 75, అంటే 1,125. పైలట్, ఆపరేటర్ ఒక్కొక్కరు 80 చొప్పున 160. లైఫ్ జాకెట్లు, తెప్ప, నీళ్లు 20. 1,305 అయింది. వాడుకోదగ్గ ఇంధనం 329 లీటర్లు, 237 కిలోలు. నిండుగా పోస్తే 1,542. నదిని, ఊళ్లను ఎరిగిన నీటిపారుదల శాఖ మనిషిని మూడోవాడిగా ఎక్కిస్తే 1,622. మిగిలింది 11 కిలోలు. ఆ మూడో మనిషి కోసమే ఈ లెక్కంతా అనుకోండి. తెరమీద కనిపించేది ఏ లాకు, ఏ రేవు అని చెప్పగలిగేది అతనే. టరెట్ 30 కిలోలు పెద్దదైతే అతనికి చోటు పోతుంది. పెద్ద కెమెరా కంటే ఆ మనిషే ఎక్కువ పనికొస్తాడు.

గంటకు 55 లీటర్ల చొప్పున తిరుగుతూ, ఎక్కడానికి 20 లీటర్లు, 45 నిమిషాల రిజర్వు తీసేస్తే నాలుగున్నర గంటలకు పైగా గాలిలో ఉండొచ్చు. కానీ మే నెలలో 40 డిగ్రీల ఎండలో నేల మట్టానికి దగ్గరి రన్‌వే కూడా 3,000 అడుగుల ఎత్తున్నట్టు ప్రవర్తిస్తుంది. టేకాఫ్ దూరం పట్టిక ఆ అంకెతో చూడండి, పైగా టరెట్ గాలికి అడ్డంగా ఉంటుంది. పట్టికలోని దూరాలు టరెట్ లేని విమానానివి. ఎస్‌టీసీతో (విమానంలో చేసే మార్పుకు ఇచ్చే ఆమోదపత్రం) వచ్చిన ఫ్లైట్ మాన్యువల్ అనుబంధంలో ఏం తగ్గించమని రాసుందో అదే వాడండి. సీజీని (విమానం గురుత్వ కేంద్రం) నిండు ట్యాంకుతోనూ ఖాళీ ట్యాంకుతోనూ రెండుసార్లు లెక్క కట్టండి. కన్సోలు వెనక ఉండి ముందు సీట్లో సన్నటి మనిషి కూర్చున్న రోజు వెనక హద్దు దగ్గరపడుతుంది.

టరెట్ ఎక్కడ వేలాడాలి

రెక్క కిందా, పొట్ట కిందా, కార్గో పాడ్ చివరా మౌంటులున్నాయి. ఏది ఎంచుకున్నా అది మీ సీరియల్ నంబరు విమానానికి వర్తించే ఎస్‌టీసీ అయి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దాన్ని ఒప్పుకుని ఉండాలి. వర్క్‌షాపులో బ్రాకెట్ చేయించి బిగించే పని కాదిది. చోటు ఎంచుకునేటప్పుడు నాలుగు చూడండి.

ఒకటి, ఎగ్జాస్టు. వేడి పొగ టరెట్ ముందు నుంచి పోతే థర్మల్ చిత్రం అలలు అలలుగా ఊగుతుంది, మసి కిటికీ మీద పేరుకుంటుంది. ఎగ్జాస్టు గొట్టం ఉన్న వైపుకు ఎదురు వైపు పెట్టండి. రెండు, నేల ఎడం. నోస్ స్ట్రట్ (ముందు చక్రం కాలు) పూర్తిగా కుంగి, టైరులో గాలి పోయిన స్థితిలో కొలవండి. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కొలిచిన అంకె పనికిరాదు. మూడు, చక్రాలూ స్ట్రట్లూ అడ్డొచ్చే దిక్కులు. హ్యాంగర్లో టరెట్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి ఎక్కడెక్కడ విమానమే కనిపిస్తుందో డిగ్రీల్లో బొమ్మ గీసి ఆపరేటర్ మోకాలి ప్యాడ్‌లో పెట్టండి. దాన్ని బట్టే ఎడమ చుట్లా కుడి చుట్లా అన్నది తేలుతుంది. నాలుగు, గాలి ఒత్తిడిని బట్టి వేగం, ఎత్తు కొలిచే పీటో, స్టాటిక్ రంధ్రాలు. టరెట్ వెనక చెదిరిన గాలి స్టాటిక్ పోర్టు మీదుగా పోతే వేగం, ఎత్తు తప్పు చూపిస్తాయి.

క్యాబిన్ కిటికీలోంచి థర్మల్ తీయొచ్చుకదా అని ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు. కుదరదు. అక్రిలిక్ గానీ మామూలు గాజు గానీ ఆ కిరణాలను పోనివ్వదు. తెరమీద మీ మొహం వేడి తప్ప బయటి గట్టు కనిపించదు.

కంపనం సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే చిత్రం మసకగా ఉందన్న ఫిర్యాదుల్లో లెన్సు తప్పు తక్కువ. ఇంజిను 2,400 ఆర్‌పీఎమ్ మీద నడుస్తుంటే తిరుగుడు కంపనం సెకనుకు 40. ఆరు సిలిండర్లు తిరుగుడుకు మూడుసార్లు పేలతాయి, ప్రొపెల్లరుకు మూడు రెక్కలు. ఈ రెండూ 120 దగ్గర కలుస్తాయి. రబ్బరు ఐసోలేటరు తన సహజ కంపనానికి 1.4 రెట్లు దాటాకే ఆపడం మొదలుపెడుతుంది. కాబట్టి 10–12 దగ్గర మోగే మౌంటు 40ని బాగా ఆపుతుంది, 30 దగ్గర మోగేది ఆపదు సరికదా ఇంకా పెంచుతుంది. అయితే చాలా టరెట్ల లోపల తయారీదారే ఐసోలేటర్లు పెడతాడు. అలాంటప్పుడు బయట మళ్లీ రబ్బరు పెడితే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడి ఇరుకు చూపులో చిత్రం మెల్లగా ఊగుతుంది. లోపల ఉంటే బయటి బ్రాకెట్ బిర్రుగా ఉండాలి. బిగించే ముందే ప్రొపెల్లరును డైనమిక్ బ్యాలెన్సు చేయించి సెకనుకు 0.07 అంగుళాల లోపుకు తెండి. ఖర్చు తక్కువ, చిత్రంలో తేడా మాత్రం మొదటి సార్టీలోనే కనిపిస్తుంది.

కరెంటు

టి206హెచ్ ఆల్టర్నేటరు 95 యాంపియర్లు. నిలకడ లోడు 80 శాతం దాటకూడదన్నది పద్ధతి, అంటే 76. రాత్రి లైట్లు, పీటో హీటు, ఏవియానిక్సు, బ్యాటరీ ఛార్జింగు అన్నీ కలిపి మీ విమానం 48 లాగుతుందనుకుందాం. పుస్తకంలో చూసి రాయకండి, క్లాంప్ మీటరుతో కొలవండి. మిగిలింది 28. టరెట్ సగటున 8, కంప్యూటరు రికార్డరు 5, డౌన్‌లింకు 4, మానిటరు 3, ఫ్యాను 1, నావిగేషన్ పెట్టె 1. మొత్తం 22. సరిపోయింది. అయితే కూలరు చల్లబరుస్తూ మోటార్లు తిరుగుతున్నప్పుడు టరెట్ ఒక్కటే 16 దాకా లాగొచ్చు, అప్పుడు మొత్తం 78. కాసేపే కాబట్టి ఆల్టర్నేటరు తట్టుకుంటుంది. అయినా ల్యాండింగు లైటు ఆర్పేశాకే టరెట్ ఆన్ చేయాలని చెక్‌లిస్టులో రాసుకోండి.

సామానంతటికీ వేరే మిషన్ బస్సు, అంటే కరెంటు పంచే పట్టీ, పెట్టండి. మెయిన్ బస్సు నుంచి కాంటాక్టరు (పెద్ద రిలే స్విచ్చు) ద్వారా, 35 యాంపియర్ల రక్షణతో అది విడిపోవాలి. ఆ రక్షణ కరెంటు బయలుదేరే చోటికి దగ్గరగా ఉండాలి. కన్సోలు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకు రక్షణ లేనట్టే, అది రాసుకుని షార్టయితే కాలేది వైరే. ఈ బస్సు స్విచ్చు పైలట్ చేతికి అందాలి, ఆపరేటర్‌కి మాత్రమే కాదు. ఆల్టర్నేటరు చచ్చిపోతే బస్సు దానంతటదే విడిపోవాలి. 22 యాంపియర్లు బ్యాటరీ మీద పడితే పైలట్‌కి రేడియో మిగలదు.

వైరు మందం లెక్క: 28 వోల్టుల వ్యవస్థలో నిలకడ లోడుకి వోల్టేజి తగ్గుదల 1 వోల్టు దాటకూడదు. 20 యాంపియర్లు, 5 మీటర్ల దూరం అనుకోండి. 12 గేజి విమాన వైరు మీటరుకు సుమారు 6.6 మిల్లీఓమ్‌లు. దగ్గర్లోనే బాడీకి ఎర్త్ చేస్తే తగ్గుదల 0.66 వోల్టు, ఫరవాలేదు. కానీ శబ్దం రాకుండా ఉండాలని తిరుగు వైరు కూడా వేస్తే పొడవు 10 మీటర్లయి 1.3 వోల్టు అవుతుంది. అప్పుడు 10 గేజి వేయాలి. మీటరుకు 4.1 మిల్లీఓమ్‌లు, తగ్గుదల 0.83. వీడియో ఉన్న చోట తిరుగు వైరు వేయడమే మేలు, కాబట్టి 10 గేజి కొనండి. వైరు టెఫ్జెల్ ఇన్సులేషన్‌ది, విమానాలకు ధ్రువీకరించినదే కావాలి. పీవీసీ వైరు కాలితే వచ్చే పొగ మూసిన క్యాబిన్‌లో మనిషిని పడగొడుతుంది.

యాంటెన్నాల కింద రంగు గీకి, అల్యూమినియం మెరిసేదాకా శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా పూత పూసి బిగించండి. యాంటెన్నాకీ బాడీకీ మధ్య నిరోధం 0.003 ఓమ్ దాటకూడదు. మామూలు మల్టీమీటరు ఇంత చిన్న అంకె చూపించలేదు, మిల్లీఓమ్ మీటరు కావాలి. కోస్తాలో ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి.

రేడియో గోల పరీక్షకు ఒక రోజు పూర్తిగా కేటాయించండి. ఇంజిను నడుస్తుండగా ఒక్కొక్క పెట్టె ఆన్ చేస్తూ, వీహెచ్ఎఫ్‌లో స్క్వెల్చ్ (గరగర శబ్దాన్ని అణిచే ఏర్పాటు) తెరిచి వినాలి. తర్వాత 121.150, 121.175, 121.200, 131.250, 131.275, 131.300 మెగాహెర్ట్జ్‌ల మీద ఒక్కోదానిలో కనీసం 35 సెకన్లు ట్రాన్స్‌మిట్ చేసి జీపీఎస్ ఉపగ్రహాల బలం చూడండి. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. మొదటి మూడింటిని 13తో, తర్వాతి మూడింటిని 12తో హెచ్చిస్తే జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్‌ల పక్కనే పడతాయి. టరెట్‌కి గురి చెప్పేదీ జీపీఎస్సే కాబట్టి ఇక్కడ తేడా వస్తే కెమెరా తప్పు ఊరు చూపిస్తుంది.

ఆపరేటర్, కార్గో తలుపు

ఆపరేటర్ ముందుకు చూస్తూ కూర్చోవాలి. కన్సోలు పక్కకు పెట్టి పక్కకు చూడమంటే, వాన మేఘాల కింద చుట్లు తిరుగుతుంటే ఇరవై నిమిషాల్లో వాంతి. తెర కంటి మట్టంలో, నీడ హుడ్ కింద ఉండాలి. చేతి కంట్రోలు తొడ మీద ఆనాలి. తెర ముందు కళ్లు అలిసిపోతాయి. ప్రతి నలభై నిమిషాలకు మూడో మనిషితో పని మార్చుకునేలా ఇంటర్‌కామ్, సీట్లు అమర్చండి.

ఇప్పుడు చెప్పేది ప్రాణాలతో ముడిపడిన సంగతి. టి206హెచ్‌కి ముందు కుడివైపు తలుపు లేదు. పైలట్ తలుపు ఎడమవైపు, మిగతావాళ్లు బయటపడాల్సింది వెనక కుడివైపున్న రెండు రెక్కల కార్గో తలుపులోంచి. ఫ్లాపులు (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) దిగి ఉంటే ఆ తలుపు ముందు రెక్క కొన్ని అంగుళాలే తెరుచుకుని ఫ్లాపుకి తగిలి ఆగిపోతుంది. ఆ సందులోంచి చేయి పెట్టి వెనక రెక్క గొళ్లెం లాగి, దాన్ని తోసుకుని బయటికి రావాలి. ఇప్పుడు ఆ వెనక రెక్క ఎదురుగా కన్సోలు బిగించారనుకోండి. నీళ్లలో దిగిన విమానంలో, చీకట్లో, తలకిందులుగా, ఆ గొళ్లెం ఎవరికీ అందదు. కాబట్టి కన్సోలు ఎడమ గోడకు ఆనాలి, కుడివైపు నడవ ఖాళీగా ఉండాలి, కేబుళ్లు ఏవీ తలుపుకి అడ్డంగా వేలాడకూడదు. బిగింపు అయ్యాక ఫ్లాపులు దించి, కళ్లకు గుడ్డ కట్టి, ఆపరేటర్‌నీ మూడో మనిషినీ ఆ తలుపులోంచి బయటికి రమ్మనండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కాలి. గాలి నింపేది బయటికొచ్చాకే, లోపల నింపితే పైకప్పుకి అతుక్కుపోతారు.

క్యాబిన్‌లో బిగించిన ప్రతి పెట్టె ప్రమాద తాకిడికి ఊడకూడదు. కొత్త ప్రమాణం కింద సర్టిఫై అయిన విమానాల్లో మనిషికి తగలగల వస్తువులు ముందుకు 18 జీ, పక్కకు 4.5, పైకి 3 తట్టుకోవాలి. పాత ప్రమాణం ఉన్నవాటికి అంకెలు తక్కువ. మీ విమానానికి ఏది వర్తిస్తుందో టైప్ సర్టిఫికెట్ డేటా షీటు చెబుతుంది. 20 కిలోల కన్సోలు 18 జీలో 360 కిలోలు. సీటు పట్టాలకు బోల్టు వేయండి, నేల రేకుకి కాదు.

తెరమీది చుక్క నేల మీద ఎక్కడ

చిత్రం బాగుండి అక్షాంశ రేఖాంశాలు తప్పితే ఇసుక బస్తాల లారీ తప్పు చోటికి పోతుంది. 1,500 మీటర్ల దూరంలో పక్కకు 1 డిగ్రీ తప్పితే 26 మీటర్లు. కిందికి పైకి 1 డిగ్రీ తప్పితే, 450 మీటర్ల ఎత్తు నుంచి ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి, ముందుకో వెనక్కో 87 మీటర్లు. అందుకే రెండు యాంటెన్నాల జీపీఎస్‌తో కలిసిన జడత్వ నావిగేషన్ పెట్టె కావాలి. అయస్కాంత దిక్సూచి మీద ఆధారపడకూడదు. యాంటెన్నా నుంచి టరెట్ కేంద్రానికి మూడు దిక్కుల దూరాలూ సెంటీమీటర్లలో కొలిచి నమోదు చేయండి. తర్వాత సర్వే చేసిన మూడు నాలుగు గుర్తుల మీద, ధవళేశ్వరం బ్యారేజీ గేటు మూల లాంటి కదలని వాటి మీద, వేర్వేరు దిక్కుల నుంచి గురిపెట్టి తేడాను సరిచేయండి. టరెట్ తీసి మళ్లీ బిగించిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాలి.

నేల ఎత్తు కూడా ముఖ్యం. సిస్టమ్‌లో ఎత్తుల మ్యాపు 10 మీటర్లు తప్పితే ఇదే కోణంలో 32 మీటర్ల తేడా. కోనసీమ బల్లపరుపు నేల మీద ఇది తెలియదు. పాపికొండల దగ్గర వెంటనే తెలుస్తుంది. ఎత్తుల మ్యాపు ఎక్కించకుండా 'చదునైన నేల' అని వదిలేసిన సెట్టింగు చాలా చోట్ల అలాగే ఉండిపోతుంది, చూసుకోండి.

రికార్డింగుకు సెకనుకు 8 మెగాబిట్లు చాలు, గంటకు 3.6 గిగాబైట్లు. చిత్రంతో పాటు చోటు, టైము, కోణం కూడా వీడియోలోనే నమోదవ్వాలి, తెరమీద అక్షరాలుగా మాత్రమే కాదు. టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలం) ఉంచండి. కంట్రోల్ రూమ్ గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది. ఎవరో ఒకరు మధ్యలో దీన్ని భారత కాలానికి మార్చేస్తే ఫోన్‌లో అందిన కబురూ వీడియో టైమూ కలవవు. రెండు గడియారాలూ కన్సోలు మీద పక్కపక్కన పెట్టడం మంచి అలవాటు.

డౌన్‌లింకుకు సిమ్ కార్డు మీద నమ్మకం పెట్టుకోకండి. సెల్ టవర్ల యాంటెన్నాలు కిందికి వంచి ఉంటాయి, పైనుంచి ఒకేసారి పదుల టవర్లు కనబడి లింకు తెగుతూ ఉంటుంది, వరదలో టవర్లకే కరెంటు ఉండదు. నేరుగా మైక్రోవేవ్ లింకు పెట్టండి. 600 మీటర్ల ఎత్తులో విమానం, 10 మీటర్ల స్తంభం మీద యాంటెన్నా ఉంటే రేడియో హద్దు సుమారు 114 కిలోమీటర్లు, 450 మీటర్లకు దిగితే 100. కొండ అడ్డు లేకపోతేనే. ఫ్రీక్వెన్సీకి టెలికం శాఖ డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఉండాలి, దానికి నెలలు పడతాయి, విమానం కొనే రోజే దరఖాస్తు పెట్టండి.

కాగితాలు

ఎస్‌టీసీ, వైరింగు బొమ్మలు, కరెంటు లోడు విశ్లేషణ, కొత్త తూకం, ఫ్లైట్ మాన్యువల్ అనుబంధం, మెయింటెనెన్సు సూచనలు. వీటిలో ఏది లేకపోయినా లైసెన్సున్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్సు ఇంజినీరు) సంతకం పెట్టడు, పెట్టకూడదు. కంపాసు స్వింగు (విమానాన్ని అన్ని దిక్కులకూ తిప్పి దిక్సూచి తప్పు కొలవడం) రెండుసార్లు చేయాలి, మిషన్ బస్సు ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి. తేడా కనిపిస్తే కార్డు రెండు వరుసల్లో రాయాలి. గగనం నుంచి చిత్రీకరణకు డీజీసీఏ అనుమతి, దానికి రక్షణ శాఖ క్లియరెన్సు కావాలి. విశాఖ నౌకాదళ ప్రాంతం, శ్రీహరికోట వైపు ఎగరాలంటే ముందుగానే విడిగా మాట్లాడాలి. ఇళ్ల మీద, పొలాల మీద తిరిగే కెమెరా ఇది. రికార్డింగు ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూడొచ్చు అన్నది మొదటి సార్టీకి ముందే రాతపూర్వకంగా తేల్చండి.

ప్రతి సార్టీకి

ఎండలో నిలిపిన విమానంలో కన్సోలు వేడెక్కి ఉంటుంది. తలుపులు తెరిచి, ఫ్యాను ఐదు నిమిషాలు తిరిగాకే కంప్యూటరు ఆన్ చేయండి. టరెట్ కిటికీని పొడి గుడ్డతో ఎప్పుడూ తుడవొద్దు, దుమ్ము రేణువు పూత మీద గీత పెడుతుంది. ముందు గాలి ఊది, శుభ్రమైన నీటితో కడిగి, తర్వాత లెన్సు కాగితం మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకే దిక్కుగా. లేజరు ఉన్న టరెట్‌కి చక్రాలు నేల మీదుండగా లేజరు వెలగకుండా ఇంటర్‌లాకు పనిచేస్తోందో లేదో రోజూ చూడాలి.

పైకి వెళ్లాక 90 నాట్ల వేగంతో 15 డిగ్రీల వంపులో చుట్టు వ్యాసార్థం 815 మీటర్లు, 20 డిగ్రీల వంపులో 600. ఆపరేటర్ ఇంకా దగ్గరగా అంటాడు, పైలట్ వంపు పెంచుతాడు, వేగం తగ్గిస్తాడు. చిన్న విమానాల నిఘాలో ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. 30 డిగ్రీల వంపులో స్టాల్ వేగం ఏడున్నర శాతం పెరుగుతుంది, దానికి తోడు పైలట్ కళ్లు తెరవైపు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. పైలట్ ముందు వీడియో తెర పెట్టకండి. మ్యాపు మీద టరెట్ చూస్తున్న చోటు ఒక చుక్కగా కనిపిస్తే అతనికి చాలు. దగ్గరగా కావాలంటే జూమ్ చేయండి, 20 డిగ్రీలు దాటకండి.

ల్యాండింగుకు ముందు టరెట్‌ని స్టో చేసి (విశ్రాంతి స్థితిలో పెట్టి) కిటికీ వెనక్కి తిప్పాలి, లేకపోతే ముందు చక్రం ఎగరేసిన కంకర నేరుగా అద్దానికే తగులుతుంది. సముద్రం మీదుగా వచ్చిన రోజు దిగిన వెంటనే టరెట్, బ్రాకెట్, యాంటెన్నా అడుగులు మంచినీటితో కడగాలి. ఉప్పు ఆరిపోయి గట్టిపడ్డాక కడిగితే పూత కూడా దాంతోపాటు పోతుంది. కేబుల్ కనెక్టర్ల మీద మూతలు వేసి, రికార్డు డ్రైవ్ రెండు కాపీలు తీసి, లాగ్‌లో టరెట్ గంటలు, కూలరు గంటలు విడివిడిగా రాయండి. కూలరు మార్చాల్సిన గంట జులైలో పడేలా ఉంటే మే నెలలోనే మార్పించండి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిన రోజు టరెట్ పెట్టెలో కాదు, రెక్క కింద ఉండాలి.